2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టినా 500 మిల్లీ ఆంపియర్లేనా?

ప్రశ్న: సొంతంగా చేసుకున్న బోర్డులో లిథియం బ్యాటరీకి ఛార్జర్ చిప్ పెట్టాను. 5 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్ తగిలిస్తే యూఎస్‌బీ మీటర్‌లో 500 మిల్లీ ఆంపియర్లు దాటడం లేదు. వేరే కేబుల్ పెడితే 1.5 ఆంపియర్లు వస్తోంది, కానీ దాంతో కూడా ఒక్కోసారి 500 దగ్గరే ఆగిపోతోంది. అడాప్టర్ పోయిందా, చిప్ పోయిందా?

జవాబు: రెండూ బాగానే ఉండి ఉంటాయి, టెన్షన్ పడకండి. నా అనుమానం మొదటి కేబుల్ మీదే.

అడాప్టర్ మీద 2 ఆంపియర్లు అని ఉంటే అంతవరకూ ఇవ్వగలదని మాత్రమే అర్థం, ఎంత తీసుకోవాలో తేల్చుకునేది చిప్పే. దానికి ఆ లేబుల్ కనిపించదు కదా, అందుకని డేటా తీగలను పరీక్షిస్తుంది: డి ప్లస్ అనే తీగ మీద సుమారు 0.6 వోల్టు పెట్టి, డి మైనస్ అనే రెండో తీగలో ఏమైనా కనిపిస్తోందా అని చూస్తుంది. బీసీ 1.2 అనే యూఎస్‌బీ ఛార్జింగ్ ప్రమాణం పాటించే అడాప్టర్‌లో ఈ రెండు తీగలూ లోపల కలిపేసి ఉంటాయి, కాబట్టి ఇక్కడ పెట్టిన వోల్టేజి అక్కడ కనిపిస్తుంది. కంప్యూటర్ మామూలు పోర్టులో అయితే డి మైనస్ దాదాపు సున్నా దగ్గరే ఉండిపోతుంది, అప్పుడు చిప్ 500 దగ్గర ఆగుతుంది.

ఛార్జింగ్‌కి మాత్రమే అని వచ్చే కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. ఎంత మంచి అడాప్టర్ తగిలించినా చిప్‌కి అది కంప్యూటర్ పోర్టులాగే తోస్తుంది. తెలియనప్పుడు తక్కువ తీసుకోవడమే సరైన పని, కంప్యూటర్ పోర్టు నుంచి 2 ఆంపియర్లు లాగితే ఆ పోర్టు ఆగిపోవచ్చు. ముందు మల్టీమీటర్‌తో ఆ కేబుల్ డేటా తీగలు ఈ చివర నుంచి ఆ చివరకు ఉన్నాయో లేదో చూడండి.

ఇక మంచి కేబుల్‌తో కూడా ఒక్కోసారి 500 రావడం. ప్లగ్‌ని అడాప్టర్‌లోకి మెల్లగా దూరుస్తున్నారా? మామూలు యూఎస్‌బీ ప్లగ్‌ని దగ్గరగా చూడండి, అంచుల్లో ఉన్న పవర్ పిన్నులు మధ్యలోని డేటా పిన్నుల కన్నా పొడవు, అందుకే కరెంటు ముందు అందుతుంది. డేటా పిన్నులు తగిలేదాకా చిప్ కొంతసేపే, ఒక సెకనులోపే, ఎదురుచూస్తుంది, ఆ తర్వాత పరీక్ష మొదలుపెట్టి అది కంప్యూటర్ అనుకుంటుంది. ఒకసారి తీసి గబుక్కున పెట్టి చూడండి.

ప్రశ్న: ఈ పరీక్షలన్నీ ఎందుకు, చిప్ సెట్టింగులు దాచుకునే రిజిస్టర్‌లో పరిమితి 2 ఆంపియర్లు అని నేనే రాసేస్తే?

జవాబు: రాయొచ్చు, కానీ అడాప్టర్ అంత ఇవ్వగలదని మీకు తెలిస్తేనే. సన్నని కేబుల్‌లో రానూ పోనూ 0.3 ఓమ్‌ల నిరోధం ఉందనుకోండి, 2 ఆంపియర్లకు 0.6 వోల్టు దారిలోనే పోతుంది, బోర్డు దగ్గర 4.4 మిగులుతుంది. చాలా చిప్పుల్లో ఇన్‌పుట్ వోల్టేజి ఒక హద్దు కిందికి జారకుండా కరెంటును తగ్గించే ఏర్పాటు ఉంటుంది. మీరు 2 రాసినా మీటర్‌లో 1.6 కనిపిస్తే ఆ ఏర్పాటు పనిచేస్తోందని, కేబుల్ మార్చాలని. ఆ హద్దును మాత్రం కిందికి దించేయకండి.