పాత 1613 లారీలో లీకులు పట్టడానికి మనమే చేసుకోగల పరికరాలు

పొద్దున చేతి పంపు కొడితే గానీ స్టార్టు కాకపోవడం, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ, రాత్రి నిలిపిన బండికి తెల్లారేసరికి బ్రేకు ట్యాంకుల్లో గాలి లేకపోవడం. ఈ మూడింటికీ కలిపి డీజిల్ పంపు దించి బాగుచేయిద్దామని మీ మెకానిక్ అంటున్నాడని రాశారు. ఇప్పుడే ఒప్పుకోకండి. బ్రేకు గాలికీ డీజిల్ పంపుకీ సంబంధమే లేదు. మిగతా రెండింటికీ మిగిలినవన్నీ చూశాకే పంపును అనుమానించాలి. పైగా దాన్ని దించి మళ్లీ ఎక్కించే ఖర్చు తక్కువేమీ కాదు.

మాదీ టర్బో కమిన్స్ ఇంజను ఉన్న పాత టాటా 1613. ఈ వయసు బండిలో రబ్బరు బిగుసుకుపోతుంది, క్లిప్పులు తుప్పు పడతాయి, వాషర్లు అణిగిపోతాయి. బయటికి కారే లీకును కింద పడ్డ మరకే పట్టిస్తుంది. ఇబ్బంది అంతా లోపలికి గాలి పీల్చేవాటితోనూ, బండి బరువు లాగుతున్నప్పుడే నోరు తెరిచేవాటితోనూ. ఇంజను ఆపి ఉండగా అలాంటి లీకును బయటికి రప్పించగలిగితే సగం పని అయినట్టే.

నల్లపొగతో మొదలుపెడదాం. ఇంజనులోకి టర్బో నొక్కి పంపే గాలి దారిలోనే పోతే డీజిల్ పూర్తిగా కాలదు, నల్లగా బయటికి వస్తుంది. దీన్ని పట్టడానికి ఒక మూత కావాలి. ఎయిర్ ఫిల్టరు నుంచి టర్బోకు వెళ్లే హోసును ఫిల్టరు వైపు విప్పి, దాని లోపలి కొలతకు సరిపడే ఇనుప పైపు ముక్క తెచ్చుకోండి. ఒక వైపు మందపాటి రేకు పెట్టి మూసేలా వెల్డింగ్ చేయించండి. రెండో అంచు చుట్టూ సన్నటి వెల్డింగ్ గట్టు ఒకటి పోయించండి, లేకపోతే గాలి ఎక్కగానే క్లిప్పు కింద నుంచి మూత జారి వచ్చేస్తుంది. రేకుకు రెండు రంధ్రాలు వేసి, ఒకదానికి ట్యూబ్‌లెస్ టైర్లకు నట్టుతో బిగించే ఇత్తడి వాల్వు, ఇంకోదానికి చిన్న గేజీ పెట్టించండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ షెడ్డులో కొలత చెబితే చేసిస్తారు. ప్లాస్టిక్ పైపు మూతతో సరిపెట్టుకునేవారూ ఉన్నారు. నేను మాత్రం వద్దంటాను. గాలి ఒత్తిడికి పీవీసీ పగిలితే పదునైన ముక్కలై ఎగురుతుంది.

గాలి 10 పీఎస్ఐ (టైరు గాలి కొలిచే లెక్క) చాలు. వినడానికి తక్కువే, కానీ నాలుగు అంగుళాల మూత మీద అది 55 కిలోలకు పైగా బలంతో తోస్తుంది. పంక్చరు షాపు గొట్టాన్ని రెగ్యులేటరు (గాలి ఒత్తిడి తగ్గించే వాల్వు) లేకుండా నేరుగా తగిలిస్తే ఆ బలం అర టన్ను దాటుతుంది. కాబట్టి రెగ్యులేటరు తప్పనిసరి, మూతకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. నింపే ముందు ఇంజనులో ఆయిల్ పోసే మూత కూడా తీసేయండి. ఏదో ఒక సిలిండరుకు ఇన్‌లెట్ వాల్వు తెరిచే ఉంటుంది. అక్కడి నుంచి గాలి రింగుల పక్కగా కిందికి దిగుతుంది, దానికి దారి లేకపోతే ఆయిల్ సీళ్లను నెడుతుంది. అందుకే ఈ పరీక్షలో ముల్లు కదలకుండా నిలబడుతుందని ఆశించకండి, గాలి ఆపకుండా ఇస్తూనే ఉండాలి. ఆయిల్ మూత దగ్గర వినిపించే బుసను పట్టించుకోనక్కర్లేదు. సైలెన్సరులో నుంచి కూడా గాలి వస్తుంటే, గాలి దింపేసి, న్యూట్రల్‌లో క్రాంకును (ఇంజను ప్రధాన ఇరుసును) చేత్తో కొంచెం తిప్పి మళ్లీ నింపండి.

ఇక సబ్బు నీళ్లు. మంగలి షాపులో వాడే స్ప్రే సీసాలో నీళ్లు పోసి, రూపాయి షాంపూ పొట్లం ఒకటి కలపండి. చిన్న లీకు దగ్గర తెల్లటి సన్న నురుగు నెమ్మదిగా ఉబ్బుతూ వస్తుంది. పెద్ద లీకు దగ్గర నురుగు నిలవనే నిలవదు, కొట్టిన నీళ్లు ఎగిరిపోతాయి, కాబట్టి బుడగలు లేవని ఆ చోటు వదిలేయకండి. మా బండిలో టర్బో నుంచి వెళ్లే హోసు అడుగున, బ్రాకెట్టుకు రాసుకునే చోట చీలిక దొరికింది. గాలి లేనప్పుడు వేలితో తడిమినా తెలియదు. ఒత్తిడి ఎక్కితే గోరంత నోరు తెరిచింది. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచే జాలీ) ఉన్న బండైతే దాని రెండు చివర్ల క్లిప్పులూ, కింది వైపు అతుకులూ తప్పక చూడండి.

పొద్దున స్టార్టు కాకపోవడం నా అంచనాలో ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) మధ్య గాలి లాగుతున్నందువల్ల. ఆ దారిలో డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి వెళుతుంది. రాత్రంతా డీజిల్ ట్యాంకులోకి వెనక్కి దిగిపోతుంది, పొద్దున మీరు చేతి పంపు కొట్టాల్సి వస్తుంది. ఫీడ్ పంపుకు ముందు జానెడు పారదర్శకమైన పైపు ముక్క పెట్టి ఇంజను నడపండి. బుడగలు కనిపిస్తే లీకు ట్యాంకు వైపే. (ఆ పైపు పరీక్షకే. డీజిల్‌కు పాడవుతుంది, అలాగే వదిలేసి లోడుకు వెళ్లకండి.) తర్వాత సక్షన్ పైపును ట్యాంకు దగ్గర విప్పి, ఐదు లీటర్ల డీజిల్ క్యాను ఒకటి ఆసుపత్రిలో సెలైన్ సీసాలా ఎత్తున కట్టి, ఆ పైపుకు తగిలించండి. ఇప్పుడు డీజిల్ పైనుంచి దిగుతుంది కనుక గాలి పీల్చే అతుకే చుక్క కారుస్తుంది. అతుకుల కింద వార్తాపత్రిక పరిచి రాత్రంతా ఉంచితే ఎంత సన్నని లీకైనా మరక పెడుతుంది. బాంజో బోల్టు (డీజిల్ పోవడానికి మధ్యలో రంధ్రం ఉండే బోల్టు) వాషర్లు, చేతి పంపు మొదలు, వడపోత గిన్నె గాస్కెట్టు ముందు చూడండి. అన్నీ పొడిగా ఉండి, ట్యాంకు సగానికి దిగాకే బండి మొరాయిస్తుంటే ట్యాంకు లోపలి పైపుకు పగులు ఉండవచ్చు. పంపు నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే సన్న పైపుల జోలికి మాత్రం చేత్తో వెళ్లకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అక్కడ అనుమానం ఉంటే దూరం నుంచి అట్టముక్క పట్టి చూడాలి.

రేడియేటరులో నీళ్లు తగ్గుతున్నాయో లేదో మీరు రాయలేదు. తగ్గుతుంటే పాత రేడియేటరు మూత ఒకటి తీసుకుని, లోపలి స్ప్రింగు తీసేసి, మధ్యలో అదే ఇత్తడి వాల్వు బిగించండి. మూత కింద టైరు ట్యూబు రబ్బరుతో వాషరు వేసి, పొంగు గొట్టాన్ని బోల్టుతో మూయండి. చల్లటి ఇంజను మీద, అసలు మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకే సైకిలు పంపుతో కొట్టండి.

బ్రేకు గాలికి కావలసిన పరికరం ఒక కర్ర. చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, గాలి పూర్తిగా నింపి, ఇంజను ఆపి, ముందు పెడల్ తొక్కకుండా గేజీ చూడండి. తర్వాత సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర బిగించి మళ్లీ చూడండి. అమెరికాలో లారీ లైసెన్సు పరీక్షలో ట్రెయిలరు లేని బండికి నిమిషానికి తొక్కకుండా 2, తొక్కి ఉంచితే 3 పీఎస్ఐ వరకు తగ్గడాన్ని ఒప్పుకుంటారు. కొలతగా అది పనికొస్తుంది. తొక్కకుండానే దిగిపోతుంటే ట్యాంకులు, కంప్రెసరు పైపు, డ్రెయిన్ వాల్వుల మీద సబ్బు నీళ్లు కొట్టండి. తొక్కినప్పుడే దిగితే చాంబరు (చక్రం దగ్గర గాలితో బ్రేకు నొక్కే డబ్బా) లోపలి రబ్బరు పొర అయిన డయాఫ్రమ్, దానికి వెళ్లే హోసు చూడాలి. వెనక స్ప్రింగు బ్రేకు చాంబరు దగ్గర నురుగు వస్తే దాని క్లాంపు విప్పి చూడబోకండి. లోపల అణిచి ఉన్న స్ప్రింగు ఎగిరి మనిషి ప్రాణం తీయగలదు. చాంబరు మొత్తాన్ని తెలిసినవారి చేత మార్పించండి.