స్మార్ట్‌కేన్ జనంలో ఆగకుండా వణుకుతుంటే

మీ నాన్నగారి స్మార్ట్‌కేన్ (చూపు లేనివారి తెల్లకర్రకు సెన్సర్ ఉన్న పిడి అమర్చిన పరికరం; ఎదుట అడ్డంకి ఉంటే పిడి వణుకుతుంది) కూరగాయల మార్కెట్లో ఆపకుండా వణుకుతోందని, మూత లేని మురుగుకాలువ దగ్గర మాత్రం వణకలేదని రాశారు. పరికరం చెడిపోయిందనుకోకండి.

ఐఐటీ ఢిల్లీలో రూపుదిద్దుకుని 2014లో విడుదలైన ఈ కర్రకు అడ్డంకిని పసిగట్టే రెండు పరిధులుంటాయి: 3 మీటర్లు, 1.8 మీటర్లు. పెద్దది ఖాళీ రోడ్డుకు. జనంలో అదే పెట్టుకుంటే ముందు నడిచే ప్రతి వీపూ అడ్డంకే! మార్కెట్‌కు వెళ్లేటప్పుడు చిన్న పరిధికి మార్చుకోమనండి. పిడి పట్టుకునే తీరూ చూడండి. సెన్సర్ పక్కకు తిరిగితే దుకాణాల బల్లలన్నీ లెక్కలోకి వస్తాయి.

కాలువ సంగతి వేరు. సెన్సర్ పంపే అల్ట్రాసోనిక్ తరంగాలు (చెవికి వినపడని ధ్వని) ఎదుట ఉన్న వస్తువుకు తగిలి వెనక్కి వస్తేనే పిడి వణుకుతుంది. వేలాడే కొమ్మ, ఆగి ఉన్న లారీ వెనుక భాగం వంటి మోకాలికి పైనుండే అడ్డంకులు మామూలు తెల్లకర్రకు అందవు. సెన్సర్ ఉన్నది వాటి కోసమే. గోతిని పసిగట్టాల్సింది నేలను తాకే కర్ర కొన మాత్రమే. సెన్సర్ మీద ధీమాతో కర్రను గాలిలో తేలుస్తూ నడవడం కొత్తలో మామూలే (నేనూ అలాగే నడిచి మోకాలు కొట్టుకున్నాను). కొనను నేలకు ఆనించి, భుజాల వెడల్పు మేర అటూ ఇటూ ఆడించమనండి. ముందు తెలిసిన వీధిలో ఓ వారం, మీరు పక్కన ఉండగా.