ఓటికుండా, ఒట్టికుండా?

సందేహం: మాది కుమ్మరం చేసుకునే ఇల్లు. మామగారు ఇప్పటికీ కర్రతో తిప్పే సారె మీదే చేస్తారు, మావారిది మోటారు చక్రం. కుండలు కాల్చిన ఆము విప్పిన రోజు మా అత్తగారు ఒక్కో కుండనీ వేలి కణుపుతో తట్టి, "ఇది ఓటిదే అమ్మాయ్" అంటూ కొన్నిటిని పక్కన పెడతారు. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి మొన్న 'ఓటికుండకు మోత ఎక్కువ' అన్న సామెతకు 'ఖాళీ కుండ ఎక్కువ చప్పుడు చేస్తుంది' అని అర్థం రాసుకొచ్చాడు. "కొత్తకుండలన్నీ ఖాళీయే కదా నాన్నమ్మా, కొన్నే ఓటివెలా అయ్యాయి?" అని వాడి ప్రశ్న. ఓటి అంటే ఖాళీయా, పగులా? ఇంకో చిన్న సందేహం. కుమ్మరి సారె, పుట్టింటి సారె ఒకే మాటేనా?

సమాధానం: మీ అబ్బాయి ప్రశ్న బాగుంది, మీ అత్తగారి మాట ఇంకా బాగుంది. ఓటి అంటే ఖాళీ కాదు, బీట వారినది. ఈ తగవులో నాన్నమ్మదే గెలుపు.

ఈ మాటకు మూలం 'ఓడు'. ఓడు అంటే పగిలిన కుండ ముక్క, పెంకు. ఓడిపోవడంలోని ఓడుతో దీనికి పొత్తు లేదు. కూడు, గూడు, కాడు, నాడు లాంటి మాటలు మరో మాట ముందు నిలిచేటప్పుడు కూటి, గూటి, కాటి, నాటి అని మారతాయి. కూటి కోసం కోటి విద్యలు, గూటిలో పిట్ట, కాటికి కాళ్ళు చాపుకున్న ముసలాయన, ఆనాటి సంగతి. వ్యాకరణం వీటిని ఔపవిభక్తికాలు అంటుంది (పేరు చూసి బెదరకండి, పని మీరు రోజూ చేస్తున్నదే). ఓడు కూడా ఆ వరసలోనిదే కాబట్టి ఓటి అయింది. తమిళంలోనూ ఓడు ఉంది. అక్కడ పెంకుకూ ఇంటి కప్పు మీది పెంకుకూ అదే మాట, పెంకుటింటిని 'ఓట్టు వీడు' అంటారు. మనలో చాలామందికి విడిగా ఓడు అన్న మాట మరపున పడింది గాని, తిరుమల శ్రీవారికి పెరుగన్నం నివేదించే మట్టిపాత్రను నేటికీ ఓడు అనే అంటారు. కొత్తకుండ సగం పెంకు అది.

వ్యాకరణం వద్దు, సాక్ష్యం కావాలంటారా? అది మీ ఇంట్లోనే ఉంది. 'అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్తకుండ' అన్న సామెత మీరు వినే ఉంటారు. (మీ ఇంట్లో ఎవరు ఎవరిని అంటారో నేనడగను.) ఇక్కడ ఓటికి ఖాళీ అని అర్థం పెట్టి చదవండి. 'అడుగు ఖాళీ కుండ' ఏమిటి? అర్థమే పొసగదు. అడుగున ముందే బీట ఉంది, అత్త చెయ్యి తగలకపోయినా అది పగిలేదే అన్నది అత్త తరఫు వాదం. కోడలు పగలగొట్టినది మాత్రం నిక్షేపంలాంటి కొత్తకుండ!

ఆ సామెతలో అడుగునే ఎందుకు పట్టుకున్నారో కుండ చేసే ఇంటివాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. సారె మీద కుండకు మూతి, మెడ కుదురుతాయి గాని అడుగు కుదరదు. దారంతో కోసి దించి, కాస్త ఆరనిచ్చి, లోపల రాయి పట్టుకుని బయటినుంచి చెక్కతో తడుతూ మట్టిని సాగదీసి అడుగు మూస్తారు. దెబ్బ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడినా, ఆరడం తేడా వచ్చినా అక్కడ వెంట్రుకంత బీట దాక్కుంటుంది. కంటికి కనిపించదు, కాలాక చెవికి మాత్రం దొరుకుతుంది.

మరి ఓటికి ఖాళీ అన్న అర్థం ఎక్కడ అంటుకుంది? నాకు తోచే జవాబు ఇది. ఖాళీ అనడానికి మనకు 'వట్టి' ఉంది. వట్టి చేతులు, వట్టి మాటలు, పాలు ఆగిపోతే వట్టిపోయిన గేదె. ఈ వట్టిని చాలామంది నోట 'ఒట్టి' అనే పలుకుతాం. ఒట్టికుండ, ఓటికుండ అని రెండూ గబగబా అని చూడండి. ఒకదాంట్లో ఒ పొట్టిది, ట వత్తినది. రెండోదాంట్లో ఓ సాగినది, ట ఒంటరిది. కుండలు తట్టి కొనే రోజుల్లో ఆ తేడా చెవి పట్టుకునేది. ప్లాస్టిక్ బిందె వచ్చాక ఓటి అర్థం తెలిసే అవసరం తప్పింది, ఒట్టి వచ్చి ఆ చోట కూర్చుంది.

సామెత సంగతికొస్తే, నేను మాత్రం 'వట్టికుండకు మోత ఎక్కువ' అనే రాస్తాను. కారణం నిఘంటువు కాదు, సంత. చిన్నప్పుడు వేసవి సంతకు మా అమ్మమ్మ వెంట వెళ్ళేవాణ్ణి. ఆవిడ కడవను ఎడమ అరచేతిలో నిలబెట్టి, చెవి దగ్గరగా వంచి, నడిమివేలి కణుపుతో కొట్టేది. మంచిదైతే ఖంగున పలికి, ఆ పలుకు కాసేపు లోపలే తిరిగేది. బీట ఉంటే చచ్చు చప్పుడు, అంతే, తడిగోడను తట్టినట్టు. అప్పుడు ధర కూడా అడగకుండా కింద పెట్టేసేది. మోత మోగించేది బీటలేని ఖాళీ కుండే, ఓటికుండకు అంత గొంతు ఎక్కడిది? అయితే 'ఓటికుండకు మోత ఎక్కువ' అన్నదీ జనం నోట నలిగిన మాటే. దాన్ని తప్పని కొట్టెయ్యను. పరీక్షలో రాసినందుకు మార్కులు తగ్గించమనీ అనను. అబ్బాయి రాసిన అర్థం మాత్రం వట్టికుండదని వాడికి చెప్పండి.

ఇక సారె. కుమ్మరి సారె, ఆడపడుచుకు చీరతో పాటు పెట్టే సారె వేరువేరు మాటలు, అక్షరాలు మాత్రమే కలిశాయి. 'సారెకు సారెకు' అంటే మాటిమాటికీ అని మరో సారె కూడా ఉంది. అది చూసినప్పుడు మళ్ళీమళ్ళీ తిరిగే చక్రం గుర్తొచ్చి నాకూ నోరూరుతుంది గాని, పోలిక దొరికిందని పుట్టుక కట్టెయ్యడం మా వృత్తిలో ఓటిపని. మీ ఇంట్లో మామగారిది సారె, మీవారిది చక్రం అని మీరు రాసిన తీరు మాత్రం దాచుకోదగ్గది. 2018 నుంచి ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కరెంటు చక్రాలు పంచుతోంది. కర్రపెట్టి తిప్పేది సారెగా, స్విచ్చి వేస్తే తిరిగేది చక్రంగా మీ ఇంట్లో పేర్లు విడిపోయాయన్నమాట. మీ అబ్బాయి ఏమంటాడో, 'వీల్' అంటాడా?

ఆవానికి మీరు ఆము అంటారు, వాము అనే ఊళ్ళూ ఉన్నాయి. ఆవము నలిగి ఆము అయింది. పిడకలు, గడ్డి, కుండలు వరసగా పేర్చిన ఆ గుట్ట గడ్డివాములా ఉంటుంది కాబట్టి కొందరు దాన్ని వాము చేసుకున్నారని నా ఊహ.

ఒక్కటి మాత్రం మీరు రాయలేదు. పక్కన పెట్టిన ఓటివాటిని ఏం చేస్తారు? మా అమ్మమ్మ ఊళ్ళో వాటి అడుగులు కోళ్ళకు నీళ్ళు పెట్టడానికి దొడ్లో పడి ఉండేవి. మీ అత్తగారు వాటిని పెంకులంటారో, ఓళ్ళంటారో అడిగి రాయండి.