జైలు నుంచి వచ్చిన ఆమె చదువుకు సాయం: హామీ సంతకమా, నెలనెలా డబ్బా, నిధా?

ప్రశ్న: ఉపాధ్యాయురాలిగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. ఒకేసారి వచ్చిన సొమ్ములో కొంత, జైల్లో ఉన్న, విడుదలైన మహిళల పైచదువులకు ఇవ్వాలనుంది. నాకు తెలిసిన ఒకామె జైల్లో ఉండగా దూరవిద్యలో డిగ్రీ రెండేళ్లు పూర్తిచేసింది. బయటికొచ్చాక మూడో ఏడాది ఫీజు కట్టలేక ఆగిపోయింది. చిన్న పాప ఉంది. విద్యారుణానికి నన్ను హామీగా ఉండమంటోంది. సంతకం పెట్టనా? నెలనెలా కొంత పంపడం మేలా?

జవాబు: సంతకం పెట్టకండి. ఇవ్వగలిగినంత డబ్బును ఆమె చదువుకు ఒక నిధిగా పక్కన పెట్టి, అప్పుగా కాకుండా సాయంగా ఇవ్వండి.

జైల్లో ఉన్నన్నాళ్లూ పాత అప్పుల కిస్తీలు ఆగిపోయి ఉంటే వడ్డీ మీద వడ్డీ పడుతుంది, క్రెడిట్ స్కోరు పడిపోతుంది. బయటికొచ్చిన తొలి రోజుల్లో దొరికే పనికి జీతం తక్కువ, అదీ నిలకడగా ఉండదు. ఆ పరిస్థితిలో ఇంకో అప్పు తలకెత్తుకుంటే ఎక్కడో ఒకచోట కిస్తీ తప్పుతుంది, బ్యాంకు మీ దగ్గరికి వస్తుంది. మీ పొదుపు కరగడం ఒక నష్టం. అంతకంటే పెద్ద నష్టం, ఆమె మీకు మొహం చూపించలేక చదువుకూ మీకూ దూరమైపోవడం.

ముందు మీ సంగతి. కనీసం ఏడాది ఇంటిఖర్చు, వైద్యానికి కావలసింది పక్కన పెట్టాక, మళ్లీ సంపాదించలేని వయసులో మీరు వదులుకోగలిగిన మొత్తమే ఈ పనికి తీయండి. అందులోంచి నెలనెలా కొంత పంపుతానంటే నేను వద్దంటాను. ఫీజులు నెలనెలా రావు. ఆఖరి తేదీతో ఒక్కసారే వస్తాయి, ఆ తేదీ దాటితే ఏడాది పోవచ్చు. కోర్సు పూర్తయ్యేవరకు ఒక మనిషికి అయ్యే మొత్తం లెక్కగట్టి నిధిగా ఉంచాకే రెండో మనిషి గురించి ఆలోచించండి. మధ్యలో ఆగిపోయే సాయంతో ముగ్గురిని మొదలుపెట్టడం కంటే ఒక్కరిని పట్టా దాకా తీసుకెళ్లడం మంచిది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది: డబ్బు ఆగితే చదువూ ఆగిపోతుంది. అమెరికాలో తక్కువ ఆదాయమున్న విద్యార్థులకు ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంట్లను 1994లో ఖైదీలకు ఆపేశారు. వాటి మీదే నడుస్తున్న జైలు కాలేజీలు చాలావరకు మూతపడ్డాయి. ఖైదీలందరికీ మళ్లీ ఆ గ్రాంట్లకు అర్హత వచ్చింది 2023 జులైలో. న్యూయార్క్ రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ హిల్స్ మహిళా జైల్లో మాత్రం ఖైదీలు, స్వచ్ఛంద కార్యకర్తలు, కాలేజీలు చేతులు కలిపి 1997లో ప్రైవేటు విరాళాలతో కాలేజీని తిరిగి నిలబెట్టారు. అక్కడి మహిళలపై 2001లో వెలువడిన అధ్యయనం ప్రకారం, కాలేజీలో చదివినవాళ్లలో విడుదలైన మూడేళ్లలోపు మళ్లీ జైలుకు వచ్చినవాళ్లు 7.7 శాతం, చదవనివాళ్లలో 29.9 శాతం. చదువుకు ముందుకొచ్చేవాళ్లలో పట్టుదల ముందే ఎక్కువ ఉండొచ్చు కాబట్టి ఈ తేడా అంతా చదువు వల్లే అని అనను. కానీ మీలాంటివాళ్ల డబ్బు వృథా కాదని చెప్పడానికి అది చాలు.

ఇక ఆ నిధిలో ఏమేం ఉండాలి? చాలామంది ట్యూషన్ ఫీజు దగ్గర ఆగిపోతారు. జైల్లో ఉన్నప్పుడు ఆ ఫీజు మాఫీ చేసే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, మన ఇగ్నో అలాంటిదే. విడుదలయ్యాక ఆ రాయితీ అందకపోతే, ఇంటి అద్దె, ప్రయాణం, పాప ఖర్చు అన్నీ మీద పడిన సమయంలోనే ఫీజు కూడా వచ్చి చేరుతుంది. పరీక్ష మూడు గంటలు. రాకపోకలతో కలిపి సగం రోజు. ఆ సగం రోజు పాపను ఎవరు చూసుకుంటారు? పనిలో సెలవు పెడితే ఆ రోజు కూలి ఎవరిస్తారు? ఆమె చదువు ఆగిన చోటు ఇదే అయి ఉండొచ్చు. అందుకే ఫీజుకు ఎంత పెడతారో, ఫీజు కాని ఖర్చులకూ దాదాపు అంతే పెట్టండి.

ఈ సొమ్మును షేర్లలో పెట్టకండి. రెండు మూడేళ్లలో ఖర్చయిపోయే డబ్బు అది. మార్కెట్ పడిన నెలలోనే పరీక్ష ఫీజు కట్టాల్సి వస్తే నష్టానికి అమ్ముకోవాలి. ఏడాదిలోపు కావలసింది సేవింగ్స్ ఖాతాలో, మిగతాది ఫీజు తేదీకి నెల ముందు చేతికొచ్చేలా డిపాజిట్లలో ఉంచితే చాలు.

కోర్సు విషయంలో ఒక్క జాగ్రత్త. కొన్ని వృత్తుల్లో లైసెన్సు ఇచ్చేముందు, కొన్ని ఉద్యోగాల్లో చేర్చుకునేముందు నేరచరిత్ర చూస్తారు. డిగ్రీ తర్వాత ఆమె బీఈడీయో న్యాయవిద్యో చేయాలనుకుంటుంటే, డబ్బు కట్టకముందే ఆ నిబంధనలు ఒక లాయరుతో చదివించండి. పట్టా చేతికొచ్చాక తలుపు మూసి ఉందని తెలియడం కంటే పెద్ద దెబ్బ లేదు.

ఇంకా జైల్లోనే ఉన్నవాళ్లకు విడిగా డబ్బు పంపే బదులు అక్కడ చదువు చెబుతున్న సంస్థకే ఇవ్వండి. ఇచ్చేముందు ఒకటి అడగండి: సెమిస్టర్ మధ్యలో ఒకామెను వేరే జైలుకు మారిస్తే, లేదా విడుదల చేస్తే, ఆమె చదువు ఏమవుతుంది? దానికి సూటిగా జవాబు చెప్పగలిగిన సంస్థకే మీ చెక్కు.

ఇప్పుడు వెంటనే చేయాల్సింది, ఆమెను తోడు తీసుకుని స్టడీ సెంటర్‌కు వెళ్లడం. ఎన్‌రోల్‌మెంట్ నంబరు పనిచేస్తోందా, కోర్సు పూర్తిచేయడానికి ఇంకా ఎన్నాళ్ల గడువుంది, బకాయి ఎంత అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల దాకా సమయమిచ్చే చోట్లున్నాయి కాబట్టి, గడువు ఇంకా మిగిలి ఉంటే ఆమె చదివిన రెండేళ్లూ నిలుస్తాయి. ఫీజు విశ్వవిద్యాలయానికి మీరే కట్టండి. ఫీజు కాని ఖర్చులకు తీసిన రెండో సగాన్ని ఆమె ఖాతాలో వేసి, దానికి రసీదులు అడగకండి. ఇన్నేళ్లు ప్రతిదానికీ ఎవరి అనుమతో అడిగి బతికిన మనిషి, ఆ కాస్త డబ్బు తన తెలివితో ఖర్చుపెట్టుకోనివ్వండి.