మృగశిర వచ్చింది, గింజలు పెట్టాలా?

వాన, ఎండ, చలి గురించి ఓరుగల్లు చుట్టుపక్కల పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. రాస్తున్నది వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేసి రిటైరైన మీ అక్క.

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. కొంత చెలక (తేలికపాటి ఎర్రనేల), కొంత నల్లరేగడి. మృగశిర కార్తె పడగానే పత్తి పెట్టాలంటాడు మా బాపు. ఫోన్‌లో వాన ఉందని చూపిస్తుంది, పడదు. ఒకసారి రెండు వానలకే గింజలు పెట్టి, మొలకలు మాడిపోతే మళ్ళీ ప్యాకెట్లు కొన్నాం. ఎవరి మాట వినాలి?

జవాబు: తమ్ముడూ, బాపు మాట తీసిపారేయకు. కార్తెలు సూర్యుడి నడకను బట్టి కట్టిన లెక్క. అందుకే ఏటా దాదాపు అవే తేదీలకు వస్తాయి: మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర. నైరుతి మామూలుగా జూన్ 1కి కేరళ తాకి, మరో వారం పది రోజుల్లో మన దాకా వస్తుంది. రెండు లెక్కలూ కలుస్తున్నాయి కదా. మృగశిరకు ముంగిళ్ళు చల్లబడతాయని పెద్దలు ఊరికే అనలేదు.

అయితే కార్తె కాలం సంగతి చెబుతుంది, నీ చేనులో పదును సంగతి చెప్పదు. టీవీలో ‘రుతుపవనాలు వచ్చేశాయి’ అన్న మాట కూడా అంతే. గాలి మళ్ళిందా, మబ్బు కమ్మిందా, చాలా చోట్ల వాన పడిందా అని చూసి ఆ మాట చెబుతారు. 2025 గుర్తుందా? మే 24కే నైరుతి కేరళకు వచ్చింది, మే నెల పోకముందే తెలంగాణలో అడుగుపెట్టింది. ఇంకేముంది, అందరూ దుక్కుల్లోకి దిగారు. జూన్‌లో చాలా చోట్ల వాన ముఖం చాటేసింది.

రోహిణిలో కాలిన నేల మీద మొదటి వాన పడితే పైన రెండు వేళ్ళ లోతే తడుస్తుంది. కింద ఇంకా వేడే, పొడే. గింజ ఆ పై తడికి ఉబ్బి మొలకెత్తుతుంది, వేరు కిందికి దిగేసరికి అక్కడ తేమ ఉండదు. మీ మొలకలు మాడింది ఇందుకే, విత్తనం కల్తీ అని దుకాణం మీదికి పోవాల్సిన పని లేదు (కల్తీ విత్తనాలు లేవని కాదు, అది వేరే కథ). చెలకలో మొత్తం 50–60 మిల్లీమీటర్లు, రేగడిలో 60–75 మిల్లీమీటర్లు పడ్డాకే పత్తి పెట్టండి. ఒక్క రోజులో పడాలని లేదు, నాలుగైదు రోజుల్లో కలిపి పడినా సరే.

ఎంత పడిందో కొలవడానికి ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. మూతి, అడుగు ఒకే వెడల్పున్న చదును అడుగు డబ్బా ఒకటి తీసుకుని చెట్టూ గోడా లేని చోట కదలకుండా పెట్టు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు పిల్లల స్కేలుతో నీళ్ళ లోతు కొలిచి, రాసుకుని, పారబోయి. ఆరు సెంటీమీటర్లంటే 60 మిల్లీమీటర్లు. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు పడితే దాదాపు నాలుగు వేల లీటర్లు దిగినట్టు. జూలై మధ్య దాకా పత్తి పెట్టుకోవచ్చు, టెన్షన్ వద్దు. పక్క చేను వాళ్ళు పెట్టేశారన్న తొందర ఉంటుంది చూడు, మన ఊళ్ళలో వానకంటే అదే ఎక్కువ గింజలు పాడుచేస్తుంది.

ప్రశ్న: మాది కాకినాడ, కోడలిగా నర్సంపేట వచ్చాను. ఎండాకాలం మా ఊళ్ళోలా ఇక్కడ చెమట కారదు, కానీ పెదాలు పగులుతాయి, తల తిరుగుతుంది. చలికాలం రాత్రుళ్ళు మరీ వణుకు. ఎందుకిలా?

జవాబు: బిడ్డా, నీకు చెమట పట్టకపోవడం కాదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతోంది. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఒంటి మీదే జిడ్డుగా నిలుస్తుంది. ఇక్కడ ఏప్రిల్, మే గాలి పొడి. నీళ్ళు పోతున్నాయని తెలియకుండానే ఒళ్ళు ఎండిపోతుంది. దాహం కాకపోయినా ఉప్పేసిన మజ్జిగ తాగుతూ ఉండు. మధ్యాహ్నం మీకు సముద్రపు గాలి వచ్చి కాస్త చల్లబరుస్తుంది, మాకు ఆ భాగ్యం లేదు. బొగ్గుబావుల వైపు, రామగుండంలో మేలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. మీ పుట్టింట్లో దండగనిపించే ఎయిర్ కూలర్ ఇక్కడ మేలో బాగా పనిచేసేది కూడా ఈ పొడిగాలి వల్లే. జూన్ వానలు మొదలయ్యాక మాత్రం దాన్ని కట్టేయండి, ఇల్లంతా చెమ్మ తప్ప చల్లదనం రాదు.

చలికీ కారణం అదే. డిసెంబర్, జనవరిలో మబ్బు ఉండదు, గాలిలో తేమ ఉండదు. పగలు నేల పట్టిన వేడి రాత్రికి నిలవదు. ఆదిలాబాద్ వైపు ఇంకా ఘోరం. స్వెటర్ కొనుక్కో.

ప్రశ్న: 2023 జూలైలో ములుగు జిల్లాలో ఒక్క రోజే 64 సెంటీమీటర్లు పడిందన్నారు. నిజమేనా? జనగామ దగ్గర మా చెరువు మాత్రం ఆ తర్వాత నెలలో వాన కోసం చూసింది.

జవాబు: నిజమే. వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో జూలై 27 పొద్దున ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. అంతకుముందు రాష్ట్రంలో పెద్దది 2013లో వాజేడులో పడిన 517.5. రోజుకు 204 మిల్లీమీటర్లు దాటితేనే వాతావరణ శాఖ ‘అత్యంత భారీ’ అంటుంది, ఇది దానికి మూడింతలకు పైన. భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి ఊరిని వాగు ముంచింది ఆ రాత్రే.

బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా పోతుంటే దాని నైరుతి పక్కన వాన దంచుతుంది. ఆ పక్కన ఉండేది మన గోదావరి తీరం. అందుకే ములుగు, భూపాలపల్లి అడవుల్లో పడినంత జనగామలో పడదు. ఆ పీడనం ఉత్తరానికి జరిగి, రుతుపవన ద్రోణి (వానలు తెచ్చే పొడవాటి అల్పపీడన పట్టీ) హిమాలయాల పాదాలకు చేరితే మన మీద వాన ఆగిపోతుంది. 2023 ఆగస్టు దేశం మొత్తానికీ 1901 నుంచి లెక్కల్లోకెల్లా పొడి ఆగస్టు. జూలైలో మత్తడి దుంకిన చెరువుల కిందే ఆగస్టులో ఆరుతడి పైర్లు వాడాయి. జిల్లా సగటు చూసి ‘ఈసారి మామూలు వర్షపాతమే’ అని రాసే వార్తలంటే నాకు ఒళ్ళు మంట అందుకే.

ప్రశ్న: మార్చిలో మిర్చి కల్లంలో ఉండగానే వడగళ్ళు పడతాయి. ముందే తెలుసుకునే దారి ఉందా? (మహబూబాబాద్ జిల్లా మహిళా రైతు)

జవాబు: వారం ముందు మీ ఊరి పేరుతో చెప్పగలిగినవారు లేరమ్మా. మూడు గంటల ముందు మాత్రం వాతావరణ శాఖ జిల్లాలవారీగా హెచ్చరిక ఇస్తుంది, పిడుగులకు దామిని యాప్ ఉంది. బాగా ఎండ కాసిన రోజు మధ్యాహ్నం మూడు దాటాక ఉన్నట్టుండి గాలి ఆగి, మబ్బు గోపురంలా పైకి లేస్తే కాయను కుప్ప చేసి పరదా కప్పేయండి. ఆ సమయంలో చేనులో ఎవరినీ చెట్టు కింద నిలబడనివ్వకండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలాల్సిన సరుకు ఎండిందనిపిస్తే ధర పెరుగుతుందని మార్చి దాకా కల్లంలోనే ఉంచకండి, ఇంట్లోకో కోల్డ్ స్టోరేజీకో చేర్చి అక్కడ ఆగండి.