తాళంచెవి మా దగ్గరే ఉంది, తెరవవచ్చా?

ప్రశ్న: మాది చంద్రపూర్. కింది వాటాలో రెండు గదులు ఆరేళ్లుగా ఒక రిటైర్డ్ ఉద్యోగికి కిరాయికి ఇచ్చాం. ఒంటరి మనిషి, మా పిల్లలు కాకా అంటారు. ఒకటో తారీఖునే కిరాయి ఇస్తాడు. కానీ రెండేళ్లుగా ఎవరినీ లోపలికి రానివ్వడు. కిటికీలోంచి చూస్తే పాత పేపర్లు, ప్లాస్టిక్ డబ్బాలు, పాడైన కూలర్లు పైకప్పు దాకా ఉన్నాయి. వాసన, ఎలుకలతో పక్కింటివాళ్లు రోజూ గొడవ. ఇప్పుడు ఊరెళ్లాడు. రెండో తాళంచెవితో తెరిచి ఆ సామాను భంగార్ (పాత సామాను కొనే) వాడికి అమ్మేయవచ్చా? వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసుకున్నాం, మళ్లీ రాయలేదు.

జవాబు: వద్దు. తాళంచెవి మీదే అయినా గదులు ఆయన స్వాధీనంలో ఉన్నాయి. ఆ పేపర్ల మధ్య బంగారం పెట్టానని ఆయన అంటే, లేదని మీరెలా చూపిస్తారు? పోలీస్ స్టేషన్లో నిలబడేది మీరే. గదులకు మీ తాళం వేసుకుంటే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఆయన మళ్లీ లోపలికి రావచ్చు. నీళ్లు, కరెంటు ఆపి దారికి తెద్దామనుకుంటే దానికీ మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం, 1999లోని 29వ సెక్షన్ అడ్డు.

ఇంట్లో ఎంత సామాను ఉందన్నది కోర్టుకు పట్టదు. అది ఇంటికీ ఇరుగుపొరుగుకూ ఏం చేస్తోందన్నదే పడుతుంది. మన అటకల మీద ఏం తక్కువ ఉందని! మంచం మీద పడుకునే చోటు లేకపోవడం, పొయ్యి వెలిగించలేకపోవడం, నడవడానికి సందు మాత్రమే మిగలడం, నల్లా కారుతున్నా ప్లంబర్‌ను రానివ్వకపోవడం, ఇవీ అసలు గుర్తులు. కిరాయి టైముకు వస్తోందని మీరూ రెండేళ్లు ఊరుకున్నారు.

ఆయన తిరిగి వచ్చాక, తారీఖు, టైము చెప్పి ఇల్లు చూడటానికి వస్తున్నామని స్పీడ్ పోస్టులో రాయండి. ముందుగా నోటీసిచ్చి తగిన వేళలో ఇల్లు చూసే హక్కు అదే కిరాయి చట్టం 28వ సెక్షన్ మీకిచ్చింది. ఆయన తలుపు తీయకపోతే ఆ నోటీసే రేపు మీకు సాక్ష్యం. తీస్తే తడిసిన గోడలు, వైర్లు, ఎలుకలు కొరికినవి ఫోటోలు తీయండి. పక్కింటివాళ్ల ఫిర్యాదు వాళ్ల సంతకంతో కాగితం మీద ఉండాలి, మహానగర పాలికకూ ఒక కాపీ వెళ్లాలి.

అప్పటికీ మార్పు లేకపోతే 16వ సెక్షన్ కింద సివిల్ కోర్టులో ఇల్లు ఖాళీ చేయించమని దావా వేయవచ్చు. అందులో (సి) క్లాజు ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించడం గురించి. ఇంటికి శాశ్వత నష్టం చేస్తే (ఎ) క్లాజు వర్తిస్తుంది. మీ కేసు నిలిచేది (సి) మీదే, అందుకే పక్కింటివాళ్ల సంతకాలు అంత ముఖ్యం.

మీ బలహీనత ఆ స్టాంప్ పేపర్. ఇక్కడ అగ్రిమెంటు రాతపూర్వకంగా ఉండి రిజిస్టర్ కావాలి, ఆ బాధ్యత ఇంటి యజమానిదే అని 55వ సెక్షన్ చెబుతోంది. లేకపోతే షరతుల విషయంలో, వేరేగా రుజువయ్యేదాకా, కిరాయిదారు మాటే చెల్లుతుంది. రిజిస్టర్ అయిన లీవ్ అండ్ లైసెన్స్ (కిరాయి హక్కు ఇవ్వకుండా, కొంత గడువుకు ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చే ఒప్పందం) ఉంటే గడువు తీరగానే 24వ సెక్షన్ కింద కాంపిటెంట్ అథారిటీ (ఇలాంటి కేసులు వినే అధికారి) దగ్గరికి వెళ్లేవారు, ఖాళీ చేయని రోజులకు రెట్టింపు డబ్బు కూడా అడిగేవారు. మీ కాగితంతో ఆ దారిన వెళ్తే, ఆయన 'నేను కిరాయిదారుని, లైసెన్సీని కాను' అని అడ్డం తిరుగుతారు.

కోర్టుకు ముందు ఇంకో పని. ఇలా వస్తువులు వదల్లేకపోవడాన్ని డాక్టర్లు హోర్డింగ్ డిజార్డర్ అంటారు. అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పుస్తకం డీఎస్‌ఎం-5 దీన్ని 2013లో విడి జబ్బుగా చేర్చింది. అందరికీ అదే అని మనం తేల్చలేం. పిల్లలో, అన్నదమ్ములో ఉంటే వాళ్లతో మాట్లాడండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులోనూ మాట్లాడతారు. సామాను తీయడానికి ఆయన ఒప్పుకుంటే ఒక్కరోజులో అంతా ఊడ్చేయకండి. వంటగది ముందు, పడకగది తర్వాత అని తారీఖులు వేసి, ఏం తీస్తారో రాసి, ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ఆ ఒప్పందం తప్పితే అదే కాగితం తీసుకుని వకీలు దగ్గరికి వెళ్లండి.