పాత రేడియోగ్రామ్‌కి ఫోన్ కలపొచ్చా?

ప్రశ్న: తాతగారి వాల్వు రేడియోగ్రామ్ (గాజు వాల్వులతో నడిచే, రేడియో, రికార్డు ప్లేయర్ ఒకే పెట్టెలో ఉండే సెట్) అటక మీద దొరికింది. ప్లగ్ పెడితే గుయ్‌మని ఒకటే హమ్. పది నిమిషాల్లో కాలిన వాసన రావడంతో ఆపేశాను. దీన్ని బాగు చేసి, రికార్డు ప్లేయర్ వైర్లకు ఫోన్ కేబుల్ కలిపి పాటలు వినొచ్చా?

జవాబు: ఆపేసి మంచి పని చేశారు. మళ్లీ ప్లగ్ పెట్టకండి. నాకొచ్చే ఇలాంటి ప్రశ్నలన్నీ 'పెట్టి చూశాను' అనే మాటతోనే మొదలవుతాయి. ఏళ్ల తరబడి మూలనపడ్డ సెట్లో కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. హమ్ వాటిదే. అలాగే నడిపిస్తే ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు, దాంతోపాటు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతాయి. కెపాసిటర్ ఇవాళ కూడా కొత్తది దొరుకుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు. మైనం పూసిన కాగితం కెపాసిటర్లు కూడా అన్నీ మార్పించండి. తర్వాత మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బల్బు, అంటే సెట్‌కి వెళ్లే కరెంటు దారిలో వరసగా ఒక ఫిలమెంట్ బల్బు పెట్టి చేయాలి. బల్బు వెలిగి, మసకబారితే పర్వాలేదు. ధగధగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టే.

నా భయమంతా ఆ ఫోన్ కేబుల్ గురించే. కొన్ని పాత సెట్లలో ఇంటి కరెంటు నుంచి సెట్‌ను వేరుచేసే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. కరెంటు వైరు ఒకటి నేరుగా లోపలి భాగాలు బిగించిన ఇనుప ఛాసిస్‌కే కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్ తిరగబడితే ఛాసిస్ మొత్తం ఫేజ్ మీదుంటుంది. చెక్క పెట్టె, ప్లాస్టిక్ నాబ్‌లు ఉన్నంతకాలం ఎవరికీ షాక్ కొట్టలేదు. మీరు కేబుల్ బయటికి లాగారంటే ఆ కరెంటు మీ చేతిలోని ఫోన్ దాకా వస్తుంది. వాల్వుల పేర్లు 'యూసీహెచ్', 'యూఎల్' అంటూ యూతో మొదలైతే గట్టిగా అనుమానించండి. ప్లగ్ పీకేసి, సెట్ స్విచ్ ఆన్‌లో ఉంచి, మల్టీమీటర్‌తో ప్లగ్ పిన్నులకూ ఛాసిస్‌కూ మధ్య చూడండి. ఏ పిన్నుకు కనెక్షన్ కనబడినా ఫోన్ ఆలోచన మానుకోండి. కనబడకపోయినా మెకానిక్ సరేననేదాకా కలపొద్దు. ఇవేవీ చెప్పకుండా 'రెండు వైర్లు కలపండి చాలు' అని వీడియోలు పెట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో 250 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. వాటిని డిశ్చార్జ్ చేయడం తెలియకపోతే వెనక అట్ట తీసినా లోపల చేయి పెట్టకండి.

రికార్డుల సంగతికొస్తే, ప్లేయర్ యంత్రంలో గడ్డకట్టిన గ్రీజు తుడిచి కొత్త నూనె వేయించండి. 78 రికార్డుకు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతది), ఎల్‌పీకి (నెమ్మదిగా తిరిగే, ఎక్కువసేపు పాడే రికార్డు) సూదులు వేరు. 78 సూది మొన సుమారు 75 మైక్రాన్లు, ఎల్‌పీది 25. పెద్ద సూదితో ఎల్‌పీ వేస్తే గాడి పాడైపోతుంది.

లోపలివన్నీ పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టిస్తామనే పాఠకులూ ఉన్నారు. దయచేసి వద్దు. చాలా చవక బోర్డులకు పాస్‌వర్డ్ లాంటి పిన్ నంబరు కూడా ఉండదు, పక్కింటివాళ్ల ఫోన్ కూడా కలిసిపోతుంది. ఈ కాలపు స్పీకర్లు చాలావాటిని జిగురుతో అతికించేస్తారు, విప్పితే విరగొచ్చు. యాప్‌తో నడిచేవాటికి అప్‌డేట్లు ఆగితే యాప్ పనిచేయకపోవచ్చు, అప్పుడు స్పీకర్ బాగున్నా మూలన పడుతుంది. పాత సెట్లకైతే చాలావాటికి వెనక అట్ట మీదో, పెట్టె లోపలో సర్క్యూట్ బొమ్మే అంటించి ఇచ్చేవారు. మీ దానికీ ఉందేమో చూడండి. ఉంటే ముందు దాన్ని ఫొటో తీసుకుని, మెకానిక్ దగ్గరికి వెళ్లండి.